గోదావరి ఎక్కి వస్తున్న మనవలకు

చిరంజీవులు పెద్దోడికి, చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

శుక్రవారం సాయంత్రం సికింద్రాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారని, శనివారం పొద్దున్నే ఇక్కడ విశాఖపట్నంలో దిగుతారని మీ అమ్మ చెప్పింది. మళ్లీ ఆదివారం సాయంత్రం అదే గోదావరిలో తిరుగు ప్రయాణమట. చేతిలో ఉన్నది రెండు పగళ్లు, ఒక రాత్రి. పెద్దోడు పంపిన లిస్టు కూడా చూశాను. అరకు, బొర్రా గుహలు, సింహాచలం, కైలాసగిరి, జూ, సబ్‌మెరైన్, రుషికొండ, యారాడ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. మొత్తం పదకొండు. ఎంత ఆశగా రాశావో తెలుస్తూనే ఉంది నాన్నా. ఫోన్లో చెబితే సగం విని "సరే అమ్మమ్మా" అనేస్తారు కాబట్టి కూర్చుని ఉత్తరం రాస్తున్నాను.

చాలా ఏళ్ల కిందట మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని ఇలాగే రెండు రోజులకు వచ్చింది. వ్యాన్ మాట్లాడుకుని ఒక్క రోజులో అన్నీ చుట్టేద్దామని తెల్లవారకుండానే బయల్దేరాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో చిన్నదానికి ఒకటే వాంతులు. అరకులో దిగి అటూ ఇటూ తిరిగి గుహల దగ్గరికి వచ్చేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. మర్నాడు సింహాచలంలో క్యూ, అటు నుంచి అటే స్టేషన్. రైలెక్కుతూ ఆ పిల్ల అడిగింది, "పెద్దమ్మా, మీ ఊళ్లో సముద్రం ఉందన్నారు, చూపించలేదేం?" ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

అందుకే ముందు అరకు, బొర్రా తీసేయండి. అరకు ఇక్కడికి దాదాపు 115 కిలోమీటర్లు. కొండల్లో సొరంగాలు దాటుకుంటూ వెళ్లే ఆ రైలు ప్రయాణమే చూడాల్సిన విషయం, దానికి ఒక పూర్తి రోజు, వీలైతే ఒక రాత్రి కూడా ఇవ్వాలి. జూ వద్దు, అక్కడ పెద్దోడికి సరిపోయినంత సేపు చిట్టితల్లి నడవలేదు. సింహాచలం వద్దంటే మీ అమ్మ నొచ్చుకుంటుందని తెలుసు. అప్పన్న దర్శనానికి హడావిడి పనికిరాదు. వేసవిలో వస్తే నేనే తీసుకెళ్తాను, కొండ మీద సంపెంగలు కొనుక్కుని తీరిగ్గా దిగుదాం.

ఇక ఊరు ఎలా ఉంటుందో తెలుసుకోండి. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇరుకుగా పొడుగ్గా మన ఊరు. దక్షిణం కొసన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనే హార్బర్. అక్కడి నుంచి ఒడ్డు వెంబడే ఈశాన్యంగా వెళ్తే బీచ్ రోడ్డు, రుషికొండ, తొట్లకొండ, చివరికి భీమిలి. అన్నీ ఒకే దండలో పూసల్లా ఉంటాయి. కాబట్టి ఒక రోజు దక్షిణం వైపు, ఒక రోజు ఉత్తరం వైపు. పొద్దున్న ఈ కొస, మధ్యాహ్నం ఆ కొస అని పెట్టుకున్నారో, రోజంతా ఆటోలోనే గడిచిపోతుంది.

శనివారం దిగగానే ఇంటికి రండి. స్నానాలు చేసి, వేడి వేడి ఇడ్లీ తిని, ఎండెక్కకముందే పాతూరు వెళ్దాం. మేం వన్ టౌన్ అంటాం. హార్బర్ పక్కన మూడు చిన్న గుట్టలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద మేరీమాత చర్చి. మూడూ పక్కపక్కనే. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. వెంకటేశ్వర స్వామి కొండ మెట్లెక్కి పైన నిలబడితే ఓడలు లోపలికి వచ్చే కాలువ కిందే కనిపిస్తుంది, అవతల గోడలా డాల్ఫిన్స్ నోస్. ఆ కొండ నైరుతి గాలికి, అలల పోటుకు అడ్డుగా నిలబడింది కాబట్టే లోపల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, ఓడలు నిశ్చింతగా ఆగుతాయి. 1933లో ఇక్కడ పోర్టు తెరిచారు. ఓడ వచ్చేదాకా కూర్చోండి, అరగంట పట్టినా సరే. ముందు చిన్న టగ్ బోటు కనిపిస్తుంది, దాని వెనక ఒక పెద్ద భవనం కదిలి వస్తున్నట్టు ఓడ వస్తుంది. ఒక్క ఓడను అలా మొదటి నుంచి చివరి దాకా చూస్తే, పది చోట్ల ఫోటోలు దిగినా రానిది మీకు మిగులుతుంది.

అక్కడికి దగ్గర్లోనే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. మీ అమ్మ దండం ఇక్కడ పెట్టుకుంటుంది. అమ్మవారి మీద పైకప్పు ఉండదు, ఎండా వానా అన్నీ ఆవిడ మీదే. ఎవరి పూజ వాళ్లు స్వయంగా చేసుకోవచ్చు. చిట్టితల్లీ, పసుపు కుంకుమ నీ చేత్తోనే పెడుదువుగాని.

మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి తప్పకుండా పడుకోండి. ఎండలో ఈడ్చుకుంటూ తిరిగితే సాయంత్రానికి ఒకళ్ల మీద ఒకళ్లు చిరాకు పడతారు.

సాయంత్రం ఆర్కే బీచ్. సబ్‌మెరైన్ చూసేది అప్పుడే. సోమవారం దానికి సెలవు, మీరు వచ్చేది శనివారం కాబట్టి టెన్షన్ లేదు. తెరిచే వేళ మాత్రం మీ తాతయ్య ముందే కనుక్కుంటారు. దాని పేరు కుర్సురా. రష్యాలో తయారై 1969లో మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. బయటి నుంచి చూస్తే మూడు వందల అడుగుల పొడవు. లోపలికి వెళ్తే మాత్రం మన వంటింటి కంటే ఇరుకు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కన్నంలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. నాలుగు పక్కలా గొట్టాలు, చక్రాలు, మీటర్లు. వాటి సందుల్లోనే మంచాలు. సుమారు 75 మంది ఇందులో రోజుల తరబడి ఆకాశం చూడకుండా ఉండేవాళ్లు. లోపల వివరించేది నేవీలో పనిచేసి రిటైరైన వాళ్లే, కాబట్టి "పదండి పదండి" అని వెనకాల తోసినా కంగారు పడకండి. ఒక్క ప్రశ్న అడగండి: స్నానానికి నీళ్లెక్కడివి అనో, నిద్ర ఎలా పట్టేది అనో. వాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో చూడండి.

బయటికొచ్చాక అదే రోడ్డు మీద 'విక్టరీ ఎట్ సీ' స్తూపం దగ్గర ఆగండి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన ఊరి ముందున్న ఈ నీళ్లలోనే మునిగిపోయింది. అంతకుముందు 1942 ఏప్రిల్ 6న, రెండో ప్రపంచ యుద్ధంలో, జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ఈ ఒడ్డు అవన్నీ చూసింది. కుర్సురా లోపల తిరిగి వచ్చిన వెంటనే ఆ స్తూపం దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తే, పాఠంలో చదివినదానికి, ఎదురుగా ఉన్న నీళ్లకు సంబంధం తెలుస్తుంది.

తర్వాత ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినండి. ఉల్లిపాయ ముక్కలు వేసి, నిమ్మకాయ పిండి, కళ్లముందే కలిపి పొట్లం కట్టిస్తారు. మరమరాలు మెత్తబడకముందే తినేయాలి.

ఇప్పుడు ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, ఇద్దరూ వినండి. మీకు మానేరు డ్యాం తెలుసు, అక్కడి నీళ్లు తెలుసు. సముద్రం అలాంటిది కాదు. అల వచ్చినప్పుడు భయం వేయదు, అది తిరిగి వెళ్లేటప్పుడే ప్రమాదం. పాదాల కింద ఇసుకను తోడేసుకుంటూ పోతుంది, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఒరిగిపోతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఒక్కోచోట ఇరుకు పాయలా చేరి లోపలికి జోరుగా వెళ్లిపోతాయి. అక్కడ నురగ తక్కువగా ఉంటుంది, ప్రశాంతంగా ఉందని అందరూ అక్కడే దిగుతారు. మా వీధి కుర్రాడు ఒకడు, బాగా ఈత వచ్చినవాడు, ఒక ఆదివారం అలాగే దిగి తిరిగి రాలేదు. వాళ్ల అమ్మ ఇప్పటికీ బీచ్ రోడ్డు మీదికి రాదు. మోకాళ్లు దాటి లోపలికి వెళ్లొద్దు, అలకు వీపు పెట్టొద్దు, ఫోటో కోసం రాళ్లెక్కొద్దు. ఈ మాట మీద నాకు ఒట్టేసి రండి.

ఆదివారం ఐదున్నరకే లేపుతాను. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు, కొండల వెనక్కి పోతాడు. చాలామంది సాయంత్రం బీచ్‌కొచ్చి సూర్యాస్తమయం కోసం వెతుక్కుంటారు. ఇక్కడ చూడాల్సింది పొద్దు పొడుపు. సంక్రాంతి రోజుల్లో ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. పెదవాల్తేరు నుంచి కిందికి దిగి జాలరిపేట ఒడ్డుకు వెళ్దాం. అప్పటికి పడవలు తిరిగొస్తుంటాయి. నలుగురైదుగురు భుజం పట్టి పడవను ఇసుకలోకి లాగుతారు. వలలు దులుపుతుంటే కానాగంతలు రాలతాయి, వీపు మీద నీలంగా, ఆకుపచ్చగా గీతలు, ఎవరో కలంతో గీసినట్టు. కాసేపటికే ఆ రంగు మాసిపోతుంది, బజార్లో చూసే చేపకు ఆ రంగు ఉండదు. వాళ్ల పనికి అడ్డం రాకుండా పక్కన నిలబడండి. ఫోటో తీయాలంటే అడిగి తీయండి.

అక్కడి నుంచి తొట్లకొండ. బస్సయితే భీమిలి వెళ్లే 900కె ఉంది, కానీ కొండ పైదాకా వెళ్లాలి కాబట్టి ఆటో మాట్లాడతారు మీ తాతయ్య. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ ఉండేవారు. వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొట్లు తొలిచారు, అందుకే ఆ పేరు. వాళ్ల గదుల పునాదులు, స్తూపం ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. తవ్వినప్పుడు రోమన్ల వెండి నాణేలు కూడా దొరికాయి. అంత దూరం దేశం డబ్బు ఈ కొండ మీదికి ఎలా వచ్చిందో, ఎదురుగా సముద్రాన్ని చూస్తూ మీరిద్దరే ఆలోచించండి, నన్ను అడగొద్దు.

టైముంటే ఎర్రమట్టి దిబ్బలు, లేకపోతే లేదు. భీమిలి ఈసారికి వద్దు. కైలాసగిరి వచ్చే దారిలోనే ఉంది, రోప్‌వే ఎక్కుతానని చిట్టితల్లి పట్టుబడితే ఒక గంట ఇద్దాం. పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉండాలి. భోజనం, సర్దుకోవడం, స్టేషన్. పరుగులొద్దు.

ఎక్కడికి వెళ్లినా ఫోటోలు మొదటి ఐదు నిమిషాల్లో తీసేసుకుని ఫోను సంచిలో పెట్టేయండి. రాత్రికి ఇద్దరూ ఆరోజు చూసినవాటిలో ఒక్కటి నాకు బొమ్మ గీసి చూపించాలి. కాగితాలు, రంగు పెన్సిళ్లు కొని పెట్టాను.

తడిసినా పర్వాలేని చెప్పులు, టోపీలు, ఒక్కో జత బట్టలు ఎక్కువ తెచ్చుకోండి. స్వెట్టర్లు అక్కర్లేదు. మీ అమ్మకు చెప్పండి, మాడుగుల హల్వా తెప్పించి ఉంచాను, తిరిగి వెళ్లేటప్పుడు కొనడానికి బజారుకు పరిగెత్తనక్కర్లేదని. శనివారం మీ తాతయ్య స్టేషనుకు అరగంట ముందే వచ్చి నిలబడతారు. మీ బోగీ నంబరు రాత్రే మెసేజ్ పెట్టండి.

మీ అమ్మమ్మ,
పెదవాల్తేరు