ఆకులు తిని బతికే గెడ్డ

గుణుపురం నుంచి సవరల కొండల వైపు వెళ్తుంటే ప్రతి మలుపులోనూ ఒక గెడ్డ తగులుతుంది. పుస్తకాల్లో వాగు అని రాస్తారు గానీ, ఒడిశా సరిహద్దులో ఉండే మా తెలుగువాళ్లకు అది గెడ్డే. ఆ నీళ్లు చివరికి చేరేది వంశధారలోకి. పోయిన వేసవిలో మా మామయ్యా నేనూ అలాంటి ఒక గెడ్డ ఒడ్డున కానుగ నీడలో కూర్చున్నాం. మోకాలి లోతు నీళ్లు. అడుగున నల్లబడిన ఆకులు దొంతరలు దొంతరలుగా పడి ఉన్నాయి.

"ఎంత చెత్త పేరుకుపోయిందో చూడు. పంచాయతీవాళ్లు ఒక్కసారి తోడించి పారేస్తే గెడ్డ అద్దంలా ఉంటుంది" అన్నారు మామయ్య.

నీళ్లలో చెయ్యి పెట్టి ఒక ఆకు పైకి తీశాను. పచ్చదనమంతా పోయి ఈనెలే మిగిలాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే జల్లెడలా ఉంది, అందులోంచి అవతలి కొండ కనిపిస్తోంది. ఒక అంచున మాత్రం గోరంత ముక్క ఇంకా అంటుకుని ఉంది. దాని మీద చీమ తలంత పురుగు ఒకటి కదులుతోంది.

"ఇది చెత్త కాదు మామయ్యా, విస్తరి. భోజనాలు ఇంకా అవుతున్నాయి" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

చెరువుకు ఎండ తగులుతుంది కాబట్టి పాచి పెరుగుతుంది. పాచిని పురుగులు, పురుగులను చేపలు తింటాయి. కొండ గెడ్డకు ఆ వీలు లేదు. రెండు ఒడ్డుల కొమ్మలూ పైన కలిసిపోతే నీటికి అందే ఎండ ఎంత? మరి అందులోని పీతలు, రొయ్యలు, చేపపిల్లలు ఏం తిని బతుకుతున్నట్టు? అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవుల్లో బేర్ బ్రూక్ అనే చిన్న వాగుకు ఫిషర్, లైకెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జమాఖర్చు రాసి 1973లో ప్రచురించారు. వాగులోకి వచ్చే శక్తిలో 99 శాతానికి పైగా చుట్టూ ఉన్న అడవిదే: ఆకులు, పుల్లలు, వాటిలోంచి ఊరిన రసం. వాగు సొంతంగా పండించుకున్నది ఒక్క శాతం కూడా లేదు. తర్వాత 1990లలో నార్త్ కరోలినాలోని కోవీటా పరిశోధన కేంద్రంలో ఒక వాగు మీద వల కప్పి, ఆకులు పడకుండా ఆపి చూశారు. మూడేళ్లలో ఆకులు తినే పురుగులూ, వాటిని తినే ప్రాణులూ బాగా తగ్గిపోయాయి.

రాలిన ఆకును ఎవరూ వెంటనే ముట్టరు. మొదటి కొన్ని రోజులు అందులోని రసాలు దిగి నీళ్లకు తేనీటి రంగు వస్తుంది. ఆ తర్వాత బూజు పడుతుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లవారేసరికి చద్దన్నమై కొత్త బలం పుంజుకుంటుంది కదా, ఆకుకూ అదే జరుగుతుంది. బూజు పట్టిన ఆకు మెత్తబడుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. నిజానికి పురుగుకు అసలు తిండి ఆకు మీది బూజే, ఆకు దానికి కంచం లాంటిది. చల్లని దేశాల్లో ఆకును కొరికి ముక్కలు చేసే పని ఎక్కువగా పురుగులది. మనలాంటి వేడి ప్రాంతాల్లో అలాంటి పురుగులు చాలాచోట్ల తక్కువ. వాటి వంతు పీతలు, రొయ్యలు తీసుకుంటాయి, మిగతాది సూక్ష్మజీవులు చూసుకుంటాయి.

ఈ బూజుల సంగతి తెలియడంలో నురగ పాత్ర కూడా ఉంది. ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త వాగు నీటి మీది తెట్టెను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పల్లేరుకాయల్లా నాలుగు వైపులా కాళ్లు చాచిన బీజాలను చూశాడు. అవి నీళ్లలో కుళ్ళే ఆకుల మీది బూజులవని 1942లో వివరంగా రాశాడు. ప్రవాహంలో కొట్టుకుపోతూ ఏదో ఒక కాలు ఆకుకు తగులుకోవడానికి ఆ ఆకారం పనికొస్తుంది. అన్నట్టు, గెడ్డలో తెల్లటి నురగ కనిపించగానే ఎవరో సబ్బు నీళ్లు కలిపారని అనుకోనక్కరలేదు. ఆకుల రసం దిగిన నీళ్లు రాళ్ల మీద దూకినా నురగ కడుతుంది.

అన్ని ఆకులూ ఒకటి కావు. కానుగాకును రైతులు పొలంలో పచ్చి ఎరువుగా తొక్కుతారు. నత్రజని ఎక్కువ కాబట్టి త్వరగా కరిగిపోతుంది. జామాయిల్ ఆకుకు మైనం పూత, నూనెలు, వగరు అన్నీ ఉన్నాయి. బూజు దాని జోలికి అంత తొందరగా వెళ్లదు. జామాయిల్ తోటల మధ్య పారే గెడ్డలో విందు చప్పగా ఉంటుంది.

ఇక కిందికి దిగుదాం. కొండ పాదం దగ్గర వరి, పత్తి మొదలవుతాయి, వాటితోపాటే యూరియా బస్తా. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. వరి మడిలో చల్లినదాంట్లో పైరు తీసుకునేది సాధారణంగా సగం కన్నా తక్కువే. మిగిలినదాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి నీటితోపాటు గెడ్డ దారి పడుతుంది. డీఏపీ ఎరువులోని భాస్వరం నడక వేరు. అది మట్టిని అంటిపెట్టుకుని ఉండి, ఎర్రనీటి వరదలో మట్టితోపాటే కొట్టుకొస్తుంది.

ఎరువు కలిస్తే పాచి పెరుగుతుందని చెరువున్న ఊళ్లో ఎవరికైనా తెలుసు. ఎండే పడని గెడ్డలో ఎరువు ఏం చేస్తుందిలే అని నాకు మొదట్లో అనిపించేది. నీడలో అది బూజును మేపుతుంది. కోవీటాలోనే కొన్ని వాగుల్లో ఏళ్ల తరబడి నత్రజని, భాస్వరం కొద్దికొద్దిగా కలుపుతూ వచ్చారు. అడవి నుంచి వచ్చిన కర్బనం వాగులో నిలిచి ఉండే కాలం దాదాపు సగానికి పడిపోయిందని 2015లో తేల్చారు. త్వరగా కుళ్ళిపోతే మంచిదే కదా అనవచ్చు. సంక్రాంతికి నింపిన గాదె ఉగాదికే ఖాళీ అయితే ఆ ఇల్లు ఏమవుతుంది? మన కొండల్లో ఆకు ఎక్కువగా రాలేది శిశిరంలో, వేసవి మొదట్లో. మళ్లీ ఏడాది దాకా గెడ్డ దాని మీదే గడుపుకోవాలి. ఆకు దొంతర ముందే తరిగిపోతే అందులో తలదాచుకునే ప్రాణికి తిండితోపాటు ఇల్లు కూడా పోతుంది. తరిగిన కర్బనంలో చాలా భాగం కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తుంది.

అదే కేంద్రంలోని మరో పరిశీలన నన్ను ఇంకా ఆపి ఆలోచింపజేసింది. ఎరువు కలిపిన మొదటి రెండేళ్లు ఆకులు తినే పురుగులూ, వాటిని వేటాడేవీ కలిసే పెరిగాయి. ఆ తర్వాత పురుగులు పెరుగుతూనే ఉన్నా వేటాడేవి మాత్రం వెనకబడ్డాయి. ఎందుకంటే బాగుపడినవి పెద్ద ఒళ్లున్న పురుగులు, వేటగాళ్ల నోటికి పట్టని రకాలు. తిండి పెరిగింది గానీ పై అంతస్తుకు చేరలేదు.

అయితే ఎరువు పెరిగేకొద్దీ ఆకు ఇంకా ఇంకా వేగంగా కుళ్ళుతూ పోతుందా అంటే, లేదు. యూరప్‌లో 100 వాగులను పోల్చి చూసిన అధ్యయనం 2012లో వచ్చింది. పోషకాలు మరీ తక్కువైన వాగుల్లో ఆకు మెల్లగా కుళ్ళింది, మధ్యస్థంగా ఉన్నచోట వేగంగా కుళ్ళింది, మరీ ఎక్కువైనచోట మళ్లీ మెల్లగానే. మొదటిదానిలో బూజుకు బలం చాలదు, చివరిదానిలో తినేవాళ్లే బతకలేదు.

ఎందుకు బతకలేదో ఊపిరి లెక్క చూస్తే కొంత తెలుస్తుంది. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో మామూలుగా కరిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. ఊరి మురుగు, హోటళ్ల ఎంగిలి నీళ్లు, పేడ వచ్చి కలిస్తే బాక్టీరియా వాటిని అరిగించుకోవడానికి ఆ కాస్తనే లాగేసుకుంటాయి. గోగు కట్టలు నానవేసిన మడుగు పక్కన నిలబడినవారికి ఈ పాఠం ముక్కుకే తెలుస్తుంది. ఆక్సిజన్ అయిపోయాక సల్ఫేటుతో ఊపిరి తీసే బాక్టీరియా పుట్టించేది ఆ కుళ్ళిన గుడ్డు వాసన.

ఊరి కాలువ గెడ్డలో కలిసే చోట ఒక రాయి తిప్పి చూడండి. పైన, కొండ దగ్గర రాయి కింద ఇసుక రేణువులతో గూడు కట్టుకున్న పురుగులు కనిపిస్తాయి. ఇక్కడ దారపు ముక్కల్లాంటి ఎర్రటి పురుగులు ఉంటాయి. మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హిమోగ్లోబిన్ ఉంది కాబట్టే ఆ ఎరుపు, కాబట్టే ఆ కరువులో నిలబడ్డాయి. రాళ్లకు బూడిదరంగు ఉన్నిలా వేలాడేది పాచి కాదు, ఎక్కువగా బాక్టీరియా పోగులు. ఇంకా దిగువకు వెళ్తే, కొత్తగా మురుగు కలవకపోతే, నీరు మెల్లగా తేరుకుంటుంది. ఒహాయో నది మీద స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లోనే దానికి గణితం రాశారు.

వచ్చిన నైట్రేటును వదిలించే ఏర్పాటు కూడా గెడ్డకు ఉంది, అదీ ఆకుల కుప్ప కిందే. ఆక్సిజన్ అందని ఆ అడుగున కొన్ని బాక్టీరియా నైట్రేటుతో ఊపిరి తీసి, నత్రజనిని వాయువుగా మార్చి పైకి వదులుతాయి. అందుకు కావలసిన కర్బనం ఆకు ఇస్తుంది. కానీ దీనికీ హద్దుంది. అమెరికాలో 72 వాగులను కొలిచి 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం, నైట్రేటు పెరిగేకొద్దీ వాగు వదిలించే మొత్తం పెరిగినా, వచ్చినదాంట్లో దాని వాటా తగ్గుతూ పోతుంది. మామయ్య అన్నట్టు ఆకులన్నీ తోడించేస్తే ఆ కాస్త సాయమూ ఉండదు.

సేంద్రియ పదార్థం అనే ఒకే మాట కింద ఆకునూ మురుగునూ కట్టేయడం వల్లే ఈ గందరగోళమని నా అభిప్రాయం. నీటిలోని మలినాన్ని అరిగించుకోవడానికి బాక్టీరియా లాగేసుకునే ఆక్సిజన్‌ను బీఓడీ అంటారు. స్నానానికి పనికొచ్చే నీటికి మన దేశంలో పెట్టిన ప్రమాణం లీటరుకు బీఓడీ 3 మిల్లీగ్రాములు మించకూడదని, కరిగి ఉన్న ఆక్సిజన్ 5కు తగ్గకూడదని. సీసాలో నీళ్లు పట్టి 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి బీఓడీ కొలుస్తారు. మురుగును పట్టుకోవడానికి అది మంచి కొలతే. నెలల తరబడి నిదానంగా అరిగే ఆకు మాత్రం ఆ సీసాలోకే రాదు.

ఆకు లెక్క తెలియాలంటే వేరే పద్ధతి ఉంది, ఖర్చు కూడా లేదు. తూచిన ఎండుటాకులను వల సంచిలో కట్టి నీళ్లలో వదిలి, కొన్ని వారాల తర్వాత మళ్లీ తూచడమే. ఆకుకు బదులు నూలుగుడ్డ పేలికలు వాడే పద్ధతి కూడా ఉంది. అలాంటి పేలికలతో ప్రపంచమంతటా 500కు పైగా నదులు, వాగుల్లో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. పత్తి పండించే మా జిల్లాలో గుడ్డ ముక్కలకు కొదవేమిటి అనుకున్నాను గానీ, చివరికి ఉల్లిపాయల వల సంచులే దొరికాయి. జ్యేష్ఠంలో రెండు సంచుల్లో కానుగాకులు నింపి, ఒకటి కొండ దగ్గర వేరుకూ, ఇంకొకటి ఊరి కాలువ దిగువన రాయికీ కట్టాను.

మూడు వారాల తర్వాత వెళ్తే పై సంచిలో పిడికెడు ఈనెలు మిగిలాయి. కింది సంచి లేదు, తొలి వరదకే కొట్టుకుపోయింది. తెగిన పురికొసను మామయ్య వేళ్ల మధ్య తిప్పి చూశారు.

"దీనితో కడితే నిలుస్తుందా? ఈసారి గేదె పలుపు నేను తెస్తాను" అన్నారు.