మీథేన్ గురించి పొలం గట్టు మీద వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

వరి మడుల్లోంచి వచ్చే మీథేన్‌ను, అంటే భూమిని వేడెక్కించే ఒక వాయువును, కొలవడం మా పని. కుదుళ్ల మీద అక్రిలిక్ పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకోసారి సిరంజితో లోపలి గాలి లాగి, చిన్న సీసాల్లో నింపి ల్యాబ్‌కు పంపుతాం. ఆ పెట్టెను చూసి ఆగినవాళ్ల దగ్గర విన్న మాటలే ఇక్కడున్నవి చాలావరకు.

అపోహ: గాలిలో మీథేన్ ఉండేదే కొంచెం, దానికింత రాద్ధాంతమా?

వాస్తవం: కొంచెమే, కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 200వ వంతు. కానీ టన్నుకు టన్ను లెక్కేస్తే 20 ఏళ్ల కాలంలో దానికి 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే గాలిలో ఇప్పుడది రెండున్నర రెట్లు దాటింది. భూమి ఇప్పటిదాకా వేడెక్కినదాంట్లో సుమారు అర డిగ్రీ దీని వల్లే. ఒక మంచి విషయం, ఇది గాలిలో ఉండేది సుమారు పన్నెండేళ్లే. ఇవాళ తగ్గిస్తే మన కళ్ల ముందే ఫలితం కనిపిస్తుంది.

అపోహ: వరి మొక్కే మీథేన్ తయారుచేస్తుంది.

వాస్తవం: తయారుచేసేది బురదలోని సూక్ష్మజీవులు. దమ్ము చేసి నీళ్లు నిలగట్టాక కొద్ది రోజుల్లోనే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. గాలి తగలకుండా కుళ్లే మోళ్లు, గడ్డి, పచ్చిరొట్ట నుంచి మీథేన్ పుడుతుంది. మడిలో కాలు పెట్టగానే బుడబుడమంటూ పైకొచ్చే బుడగల్లో ఉండేది అదే. అయితే ఎక్కువ భాగం బుడగలుగా రాదు. వేళ్లకు గాలి అందించడానికి వరి కాడలో ఉండే బోలు దారుల్లోంచే పైకొస్తుంది. అందుకే మా పెట్టెను సాళ్ల మధ్య కాకుండా కుదుళ్ల మీద పెడతాం.

అపోహ: మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబడకపోతే దిగుబడి పోతుంది.

వాస్తవం: వరి నీళ్లను తట్టుకుంటుంది గానీ, పంటకాలమంతా నిలవ నీరే కావాలని ఏమీ లేదు. నాటు కుదురుకున్నాక తడిపి ఆరబెట్టే పద్ధతి పాటించొచ్చు. చిల్లులు పెట్టిన అడుగు పొడవు పీవీసీ గొట్టాన్ని సగం మట్టిలో పాతి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ తడి ఇవ్వాలి. పూత సమయంలో మాత్రం నీళ్లు పలచగా నిలిపి ఉంచాలి, అక్కడ ఆరబెడితే తాలు తప్పదు. సరిగ్గా చేస్తే దిగుబడి తగ్గకుండానే మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది.

"మరి కలుపు సంగతేంటి సార్?" అని రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నీళ్లు తీస్తే ఊద గడ్డి విజృంభిస్తుంది, ఆ ఖర్చు రైతుదే. ఇంకో చిక్కు, నేల ఆరి తడిసినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కాస్త పెరుగుతుంది. అదీ వేడిని పట్టి ఉంచే వాయువే, ఎరువులోని నత్రజని నుంచి పుడుతుంది, కాబట్టి యూరియా మోతాదు మించకూడదు. అయినా మొత్తంగా లాభమే.

నన్నడిగితే అసలు అడ్డంకి రైతు మొండితనం కాదు. గోదావరి డెల్టాలో చాలాచోట్ల పై మడి నీళ్లే కింది మడిలోకి పారతాయి, ఒక్కడే ఆరబెట్టుకోవడం కుదరదు. తెలంగాణలో బోర్ల కింద కరెంటు ఉచితం, నీళ్లు ఆదా చేసినా జేబులో మిగిలేది లేదు. ఆ లెక్క మారకుండా గొట్టాలు పంచితే అవి గట్టు మీదే పడి ఉంటాయి.

అపోహ: పశువులు వెనకనుంచి వదిలే గ్యాసే సమస్య.

వాస్తవం: తొంభై శాతానికి పైగా నోటి నుంచే, త్రేనుపులుగా వస్తుంది. మన దేశపు మీథేన్‌లో నాలుగింట మూడొంతుల దాకా వ్యవసాయానిదే, అందులో పెద్ద వాటా పశువులది.

అపోహ: చెత్త గుట్టను మట్టితో కప్పేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: కప్పితే వాసన తగ్గుతుంది, లోపల తడి చెత్త కుళ్లడం ఆగదు. హైదరాబాద్ జవహర్‌నగర్ లాంటి గుట్టల్లో పుట్టే గ్యాస్‌ను గొట్టాలతో లాగి వాడుకోవాలి, కనీసం మండించాలి.

అపోహ: గ్యాస్‌ను మండిస్తే వాతావరణానికి ఇంకా ఎక్కువ చేటు.

వాస్తవం: తలకిందుల మాట. మండితే మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, వేడి పట్టే శక్తి చాలా తగ్గుతుంది. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి ఎగజిమ్మినప్పుడు (బ్లోఅవుట్) లేచిన మంటలు కోనసీమను వణికించాయి. వాతావరణం లెక్కలో మాత్రం అదే గ్యాస్ మండకుండా ఎగజిమ్మి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. గోబర్ గ్యాస్‌లోనూ ఎక్కువగా ఉండేది మీథేనే, అది ఇంట్లో ఉన్నవాళ్లు పైపు అతుకుల దగ్గర అప్పుడప్పుడూ సబ్బు నురగ రాసి చూడండి, బుడగలొస్తే లీకే.