ఉలికీ వానకీ లొంగిన రాయి

మధ్య టర్కీలోని కపడోకియాలో ఒకరోజు యాత్రకు వెళ్లే బస్సులు ఉదయం పూట ముందుగా ఆగేది సాధారణంగా ఉచ్‌హిసార్ కోటరాయి చుట్టుపక్కల ఏదో ఒక ఎత్తయిన అంచు మీద. అక్కడి నుంచి చూస్తే కింద లోయలు మడతలు పెట్టిన చీరలాగా పరుచుకొని కనిపిస్తాయి. కొన్ని తెల్లగా, కొన్ని లేత గులాబీ రంగులో, కొన్ని పసుపు కలిసిన బూడిద రంగులో ఉంటాయి. ఆకాశం తేటగా ఉన్న రోజున తూర్పు దిక్కున 3,917 మీటర్ల ఎత్తున్న ఎర్జియెస్ శిఖరం మంచు కప్పుకొని కనబడుతుంది. వెంట వచ్చిన గైడు చెయ్యి అటువైపు చాపి, ఆ పర్వతం కక్కిన బూడిదే ఈ లోయలన్నీ అని చెబుతాడు. వినేవాళ్లకు వెంటనే నమ్మకం కలుగుతుంది, ఎందుకంటే పర్వతమూ బూడిదా రెండూ కళ్లెదుటే ఉన్నాయి. అయితే ఈ కథలో కాలం లెక్క తప్పుతుంది. ఈ లోయల్లో గొరెమె అనే చోట చర్చిలను తొలిచిన రాయి వయసు దాదాపు 90 లక్షల సంవత్సరాలు. ఇప్పుడు మనకు కనిపిస్తున్న ఎర్జియెస్ ఎదిగినది ప్రధానంగా గత 30 లక్షల సంవత్సరాలలోనే. అంటే ఈ రాయిలో అత్యధిక భాగం ఆ పర్వతం కంటే వయసులో పెద్దది.

మరి ఆ బూడిద ఎక్కడిది? భూవిజ్ఞానులు చూపించేది నెవ్‌షెహిర్, దెరిన్‌కుయు పట్టణాల నడుమ ఉన్న పల్లపు ప్రాంతాన్ని. అక్కడ ఇప్పుడు చెప్పుకోదగిన పర్వతం లేదు. అసలు చిక్కంతా అదే. చాలా పెద్ద పేలుడు జరిగినప్పుడు భూగర్భంలోని శిలాద్రవపు నిల్వ ఖాళీ అయి, పైనున్న నేల కుంగిపోతుంది. శిఖరం మిగలకపోగా ఒక పెద్ద గుంట ఏర్పడుతుంది, దానినీ తరువాతి పొరలు పూడ్చేస్తాయి. కనుక బాధ్యత వహించాల్సినవాడు కనిపించకుండా పోగా, ఆనవాలుగా నిలబడి ఉన్న పొరుగువాడి మీద నేరం పడింది.

ఆ పేలుళ్లలో వెలువడినది మనం అగ్నిపర్వతం అనగానే ఊహించుకునే ఎర్రని లావా ప్రవాహం కాదు. కొన్ని వందల డిగ్రీల వేడితో ఉన్న వాయువు, సన్నని గాజు బూడిద, నురుగులాంటి ప్యూమిస్ ముక్కలు కలగలిసి నేలను కరుచుకొని మహావేగంతో పరుగెత్తిన మేఘం అది. అలాంటి మేఘం పల్లాలను నింపి, చల్లారి, గట్టిపడగా ఏర్పడే రాయిని ఇగ్నింబ్రైట్ అంటారు. కపడోకియాలో అందరూ వాడే మాట టఫ్. చల్లారే క్రమంలో లోపలి వేడి ఎక్కువగా ఉన్న చోట గాజు రేణువులు ఒకదానికొకటి అతుక్కొని రాయి గట్టిగా తయారైంది. అంత వేడి లేని చోట అది ఒత్తిన పిండిలాగా మెత్తగా ఉండిపోయింది. ఇలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి లక్షల సంవత్సరాల ఎడంతో పడ్డాయి. మధ్యలో దొరికిన విరామంలో నేలలు ఏర్పడ్డాయి, చెరువులు నిండాయి, జంతువులు తిరిగాయి. వాటి ఎముకలు ఆ నడిమి పొరలలో దొరుకుతున్నాయి. అన్నింటికీ పైన 50 లక్షల ఏళ్ల క్రితం పడిన గట్టి పొర ఒకటి చాలా చోట్ల పీఠభూమికి మూతలాగా పరుచుకొని ఉంది. గట్టి పొర, మెత్త పొర అన్న ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే ఆ రోజంతా చూడబోయేవాటిలో ముప్పాతిక వంతు బోధపడుతుంది.

దారి పక్కన రాలిపడిన టఫ్ ముక్కను ఒకదానిని చేతిలోకి తీసుకొని చూడాలి. దాని పరిమాణాన్ని చూసి అనుకున్నంత బరువు ఉండదు. విరిగిన ముఖం మీద గోరుతో గీస్తే గీత పడుతుంది, వేలికి సుద్దలాంటి పొడి అంటుకుంటుంది. తెల్లని ముద్దలో అక్కడక్కడ శనగ గింజంత ప్యూమిస్ తునకలు, మిరియం గింజల్లాంటి నల్లని రాతి ముక్కలు చిక్కుకొని ఉంటాయి. అదే ముక్కకు ఎండా గాలీ తగిలిన వెలుపలి ముఖం మాత్రం గోటికి లొంగదు. రాతి లోపలి తేమ బయటికి వస్తూ తెచ్చిన ఖనిజాలు ఉపరితలంలో పేరుకొని దానిని పెంకులాగా బిగిస్తాయి. కొత్తగా తొలిచేటప్పుడు మెత్తగా ఉండి, తొలిచిన తరువాత పైచర్మం గట్టిపడే రాయి కంటే రాతిపనివాడికి ఇంకేం కావాలి!

అయినా గుహ తవ్వుకోవడం వేరు, చర్చి తొలవడం వేరు. కపడోకియా పేరు క్రైస్తవ చరిత్రలో 4వ శతాబ్దం నుంచే ప్రసిద్ధం. ఇప్పటి కైసేరిలో బిషప్పుగా ఉన్న మహా బాసిల్, అతని తమ్ముడైన నిస్సా గ్రెగరీ, బాసిల్ మిత్రుడైన నజియాన్జస్ గ్రెగరీ ఈ నేల మనుషులే. అందువలన గొరెమె చర్చిలన్నీ వాళ్ల కాలానివే అన్న అభిప్రాయం యాత్రికులలో సులువుగా నాటుకుంటుంది. నిజానికి ఇప్పుడు గొరెమె ఆరుబయలు ప్రదర్శనశాలలో మనం చూసే పేరుపొందిన చర్చిలలో ఎక్కువ భాగం 10, 11 శతాబ్దాలవి. బాసిల్‌కూ వాటికీ మధ్య ఆరు వందల సంవత్సరాల ఎడం ఉంది. 20వ శతాబ్దం తొలి దశకాలలో గియోమ్ ద జెర్ఫానియాఁ అనే ఫ్రెంచి జెస్విట్ మతాచార్యుడు ఒక్కొక్క లోయా తిరిగి ఈ చర్చిల గోడల మీది చిత్రాలను వివరంగా నమోదు చేశాడు. గొరెమె జాతీయ వనానికీ కపడోకియా శిలా స్థలాలకూ 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ప్రకృతి విలువకూ మానవ నిర్మాణ విలువకూ కలిపి ఇచ్చిన హోదా అది.

ఎల్మాలి కిలిసె, అంటే ఆపిల్ చర్చి, చిన్నది. నాలుగు స్తంభాలు, మధ్యలో పెద్ద గుమ్మటం, చుట్టూ చిన్న గుమ్మటాలు, వాటిని కలిపే కమానులు. ఇటుకతోనో రాతితోనో కట్టిన బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు, చర్చిలో ఏమేమి ఉంటాయో అవన్నీ ఇక్కడ ఉన్నాయి. కట్టడంలో స్తంభం కమానును మోస్తుంది, కమాను గుమ్మటాన్ని మోస్తుంది. కింది నుంచి పైకి వెళ్లే క్రమంలో గుమ్మటం చివరిది. ఇక్కడ పని తలకిందులు. చుట్టూ ఉన్న రాయిని తీసివేయగా మిగిలినది స్తంభం అయింది. ఉండవల్లి గుహాలయానికి వెళ్లినవాళ్లకు ఈ విషయం ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. అక్కడా స్తంభాలను ఎవరూ నిలబెట్టలేదు, మిగిల్చారు.

స్తంభం ఇక్కడ నిజంగా ఏమైనా మోస్తోందా అనే సందేహానికి జవాబు ఈ ప్రాంతపు చర్చిలలోనే దొరుకుతుంది. కొన్నింట్లో స్తంభాల నడుములు ఎప్పుడో విరిగిపోయాయి. పైభాగం మాత్రం కప్పుకు అంటిపెట్టుకొని గాలిలో వేలాడుతూ ఉంటుంది, గుమ్మటం చెక్కుచెదరలేదు. కప్పు అంతా ఒకే అఖండ రాయి కావడంతో బరువు గోడలలోకి సర్దుకుంది. అంటే ఆ శిల్పి నిర్మాణశాస్త్రపు అవసరం కోసం స్తంభాన్ని మిగల్చలేదు. చర్చి అంటే స్తంభాలు ఉండాలి కాబట్టి మిగిల్చాడు. నాకు ఈ వేలాడే స్తంభం ముక్కలు అక్కడి కుడ్యచిత్రాల కంటే ఎక్కువ ఆసక్తిని కలిగించేవి. భక్తికి ఒక ఆకారం అలవాటైతే భౌతికశాస్త్రం వద్దన్నా అది వదలదని ఇంత స్పష్టంగా చూపించే చోటు మరొకటి నాకు తెలియదు.

ఎల్మాలి గోడలలో చిత్రాల గార ఊడిన చోట్ల, కింద నేరుగా రాతి మీదే జాజు రంగుతో వేసిన శిలువలు, గళ్లు, త్రికోణాలు బయటపడ్డాయి. పక్కనే ఉన్న సెయింట్ బార్బరా చర్చిలో ఇలాంటి జాజు గీతలే ప్రధాన అలంకారం. మనుషుల బొమ్మలు లేని ఈ చిత్రాలను, బైజాంటైన్ సామ్రాజ్యంలో 8, 9 శతాబ్దాలలో పవిత్ర చిత్రాలను నిషేధించిన కాలానికి ముడిపెట్టడం గైడులకు పరిపాటి. ఆ ముడి అంత గట్టిది కాదు. గార పూయకముందు, గుడి తొలిచిన వెంటనే, చేతిలో ఉన్న చవక రంగుతో చర్చిని పవిత్రం చేయడానికి వేసిన గుర్తులుగానూ వాటిని అర్థం చేసుకోవచ్చు. బొమ్మ లేకపోవడం ఒక్కటే తేదీని నిర్ణయించదు.

ఇక కరాన్లిక్ కిలిసె, అనగా చీకటి చర్చి. దీనికి విడిగా టికెట్టు కొనాలి, కొనవలసినదే. లోపలికి వెలుతురు ఒక చిన్న కిటికీ నుంచి మాత్రమే వస్తుంది. ఆ చీకటే ఇక్కడి 11వ శతాబ్దపు నీలాన్నీ ఎరుపునూ కాపాడింది. మరో రక్షకురాలు కూడా ఉంది, పావురం. జనం వదిలివెళ్లిన చర్చిల వాకిళ్లను రైతులు రాళ్లతో మూసి, చిన్న కన్నాలు ఉంచి, పావురాల గూళ్లుగా మార్చుకున్నారు. సేంద్రియ పదార్థం తక్కువైన ఈ బూడిద నేలలో ద్రాక్షతోటలకు పావురాల రెట్టే బలమైన ఎరువు. చీకటి చర్చి కూడా అలా చాలాకాలం గూడుగా ఉంది. తరువాత గోడల మీది రెట్టను గీకి తీయడానికి సంవత్సరాలు పట్టింది. ఎరువు కోసం చేసిన పని కళను కాపాడింది. పురావస్తు పరిరక్షణ అన్న మాటే తెలియని రైతు మూసిన వాకిలి, ఎండనూ, బొమ్మల కళ్లు గీకే చేతులనూ బయటే ఆపింది. ఇప్పుడు లోపల ఫోటోలు తీయనివ్వరు, ఎక్కువసేపు నిలబడనివ్వరు. విసుగు కలిగినా కారణం ఉంది. మనుషుల ఊపిరిలోని తేమను టఫ్ పీల్చుకుంటుంది. ఆ తేమతో కదిలిన లవణాలు గార వెనుక స్ఫటికాలుగా మారి, బొమ్మను వెనక నుంచి నెట్టి ఊడగొడతాయి.

భోజనం తరువాత మజిలీ పాషాబా. యాత్ర మొత్తంలో భూవిజ్ఞాన పాఠానికి ఇంతకంటే మంచి తరగతి గది లేదు. స్థానికులు పెరి బజాసి అని పిలిచే, అనగా దేవకన్యల పొగగొట్టాలు అని అర్థం వచ్చే, శంకువులు ఇక్కడ పుట్టగొడుగుల్లా నిలిచి ఉంటాయి. కొన్నింటికి ఒకే కాండం మీద రెండు మూడు తలలు. నల్లని గట్టి టోపీ కింద తెల్లని మెత్తని కాండం. గట్టి పొర చల్లారేటప్పుడు నిలువు పగుళ్లు వచ్చాయి. వాన నీరు ఆ పగుళ్లలోకి దిగింది. కపడోకియాలో చలికాలపు రాత్రులు గడ్డకట్టించేవి. నీరు మంచుగా మారినప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి, పగులు ఏటేటా వెడల్పు అవుతుంది. గట్టి పలక ముక్కలైంది, ముక్కల సందుల్లో మెత్తని టఫ్ కొట్టుకుపోయింది, టోపీ నీడలో ఉన్న టఫ్ మాత్రం మిగిలింది. ఏదో ఒకనాడు టోపీ జారిపడుతుంది. అప్పటి నుంచి శంకువు ముక్కు మొనదేలి, తరువాత కుదించుకుపోయి, చివరకు నేలలో కలుస్తుంది. పాషాబాలో ఈ దశలన్నీ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. బాల్యం, యవ్వనం, ముసలితనం ఒకే ఫోటోలో వస్తాయి. హైదరాబాదు చుట్టూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు ఉండే బండలను చూసినవాళ్లకు ఇదీ అదే అనిపించవచ్చు. కానీ అవి సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ బండలు. భూమి లోపలే పగుళ్ల వెంబడి మూలలు అరిగి గుండ్రబడి, పైమట్టి కొట్టుకుపోయాక బయటపడినవి. పోలిక కంటికి మాత్రమే.

పాషాబాలోని మూడు తలల శంకువు ఒకదానిలో సెయింట్ సిమియోన్ పేరిట చిన్న ప్రార్థనా గది, దాని పైన ఏకాంతవాసి గది ఉన్నాయి. వాన చెక్కిన కాండంలోనే మనిషి మరింత చెక్కాడు.

అవనోస్‌లో కుమ్మరి చక్రం తిప్పి చూపిస్తారు. కిజిలిర్మాక్, అనగా ఎర్రని ఏరు, తెచ్చిపోసిన బంకమన్ను ఆ పనికి ఆధారం. దెవ్రెంత్ లోయలో ఒంటె ఆకారపు రాయిని చూపిస్తారు. ఒంటెలాగే ఉంది, అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

యాత్రల దారిలో సాధారణంగా లేని కొన్ని ఊళ్ల ప్రస్తావన మాత్రం ఇక్కడ తప్పదు. అగ్నిపర్వత గాజు నీటితో కలిసి లక్షల ఏళ్లలో జియోలైట్ ఖనిజాలుగా మారుతుంది. వాటిలో ఎరియొనైట్ అనేది సన్నని పీచులాగా ఉంటుంది. కరాయిన్, తుజ్‌కోయ్, సారిహిదిర్ ఊళ్లలో ఇళ్ల రాతిలోనూ దుమ్ములోనూ ఉన్న ఆ పీచును తరతరాలుగా పీల్చినందువలన ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్ అసాధారణమైన సంఖ్యలో వ్యాపించిందని 1970ల నుంచి టర్కీ వైద్యులు బయటపెట్టారు. 1987లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఎరియొనైట్‌ను మనుషులకు నిశ్చయంగా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. తవ్వడానికి సులువుగా ఉన్న రాయి, దుమ్ము కావడానికీ అంతే సులువుగా ఉంటుంది.

జెల్వె లోయలో జనం 1952 వరకు గుహ ఇళ్లలో కాపురమున్నారు. రాతి గోడలు విరిగిపడే ప్రమాదం పెరగడంతో ఊరిని ఖాళీ చేయించి, కొంత దూరంలో కొత్త ఊరు కట్టించారు. లోయలో నడుస్తూ తలెత్తి చూస్తే, ఒకప్పుడు లోపలి గదులైనవి సగానికి కోసిన పనసకాయలాగా ఆరుబయట తెరుచుకొని ఉంటాయి. అలమర గూళ్లు, పొయ్యి మసి, మెట్ల వరుస, అన్నీ బయటి గోడ ఊడిపోగా వీధిలోకి వచ్చినవే.

చావుషిన్ పక్కన రోడ్డుకు దగ్గరగా ఉన్న చర్చిని కూడా ఇలాగే చూడాలి. 963 నుంచి 969 వరకు ఏలిన చక్రవర్తి నికెఫొరోస్ ఫోకాస్ బొమ్మ లోపల ఉండడం వలన దాని కాలం ఇంత కచ్చితంగా తెలిసింది. కపడోకియాలో ఇలా తేదీ దొరికే చర్చిలు తక్కువ. ఇది కూడా ఒకప్పుడు పావురాల గూడే. దాని ముఖమండపం కొండ అంచుతో పాటు ఎప్పుడో కూలిపోయింది. ఆ మండపపు వెనుక గోడ ఇప్పుడు కొండకు బయటి గోడ అయింది. లోపలి వెలుతురులో చూడడానికి వేసిన దేవదూతల బొమ్మలు పగలంతా బట్టబయలుగా ఉన్నాయి. కింద రోడ్డు మీద నిలబడి చూస్తే నిటారుగా ఎక్కే ఇనుప మెట్లు, వాటి పైన తెల్లని రాయి, ఆ రాయి మీద వెలసిన రెక్కలు కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో ఉన్న బస్సులు చాలావరకు అక్కడ ఆగవు.