కొలవని రక్తం

కాన్పు తర్వాత అరలీటరు, అంతకు మించి రక్తం పోతే ప్రసవానంతర రక్తస్రావం అని వైద్య పుస్తకాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. ఆ అరలీటరు ఎప్పుడు దాటిందో లేబర్ రూమ్‌లో తెలిసేదెలా? తడిసిన గుడ్డలనూ మంచం మీది మడుగునూ చూసి కంటి అంచనాతో చెప్పేవారు. ఆ అంచనా చాలాసార్లు అసలు కంటే తక్కువగానే ఉండేది.

నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం వెళుతుంది. మాయ పడిపోయాక అక్కడ తెరుచుకున్న నాళాలను మూయాల్సింది గర్భసంచి కండరమే. అది బిగుసుకోకుండా మెత్తగా ఉండిపోతే, చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే.

చికిత్సల వెతుకులాట పాతదే. బాలింతలు కళ్లముందే రక్తం పోయి చనిపోవడం చూసిన లండన్ వైద్యుడు జేమ్స్ బ్లండెల్ మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించే ప్రయత్నానికి పూనుకున్నాడు. 1829లో ఆయన ప్రకటించిన కేసులో బాలింత బతికింది. గర్భసంచిని బిగుసుకునేలా చేసే మందు ఎర్గోమెట్రిన్ 1935లో వచ్చింది. 1953లో అదే పని చేసే హార్మోన్ ఆక్సిటోసిన్‌ను రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారుచేశాడు.

జపాన్ శాస్త్రవేత్త ఉటాకో ఒకమోటో కథ తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పసిబిడ్డను వీపున కట్టుకుని ల్యాబులో పనిచేసిన తల్లి ఆమె. భర్త షోసుకేతో కలిసి, గడ్డకట్టిన రక్తం మళ్లీ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని 1960ల తొలినాళ్లలోనే కనుగొన్నారు. బాలింతలకు ఇచ్చి చూడమని ఆమె అడిగితే అక్కడి ప్రసూతి వైద్యులు ముందుకు రాలేదు. 21 దేశాల్లో 20 వేల మందికి పైగా బాలింతలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కాన్పు అయిన మూడు గంటల లోపు ఇస్తే రక్తస్రావ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆ మాట వినడానికి ఆమె లేరు. 2016లోనే కన్నుమూశారు.

ఇన్ని మందులున్నా ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే కొలత మాత్రం లేదు. అది మన పొరుగున, కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో తయారైంది. అక్కడ ఎ.ఎన్.ఎం.లు చేసే కాన్పుల్లో, గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్రలను పరీక్షించారు. మాత్ర వేసుకున్నవారిలో రక్తస్రావం 12 నుంచి 6.4 శాతానికి తగ్గిందని 2006లో తేలింది. ఆ లెక్క తేల్చడానికే, బాలింత కింద పరిచే, గీతల కొలత ఉన్న ప్లాస్టిక్ సంచిని వాడారు. కంటి అంచనా ఆ సంచి చూపిన దానికంటే మూడో వంతు తక్కువని మరో పరిశీలన చెప్పింది.

ఈ సంచికి తగిన గుర్తింపు రావడానికి మరో పదిహేడేళ్లు పట్టడం నాకు మింగుడుపడదు. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల ఫలితాలు వచ్చాయి. సంచితో కొలిచి, గీత దాటగానే గర్భసంచి మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. పాత పద్ధతి కొనసాగిన ఆసుపత్రుల్లో సగం కేసులు గుర్తింపుకే రాలేదు.

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అరలీటరు దాకా ఆగవద్దంది. 300 మిల్లీలీటర్లు పోయి, నాడి గానీ రక్తపోటు గానీ తేడాగా ఉంటే చికిత్స మొదలుపెట్టమంది. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతోనే కాన్పుకు వస్తారు. వాళ్లకు ఆ 200 మిల్లీలీటర్ల తేడా చాలా పెద్దది.