కుట్ల కింద ఆక్సిజన్ కరవు

పెద్దపేగు ఆపరేషన్ చక్కగా జరిగిందని చెప్పారు, ఆరో రోజున కుట్ల దగ్గర చీము కనిపించింది, ఆపరేషన్ థియేటర్ శుభ్రంగా లేకపోవడం వల్లనేనా అని ఒక పాఠకురాలు అడిగారు. చాలాసార్లు కారణం అది కాదు. మోకాలి ఆపరేషన్‌లో సూక్ష్మజీవులు బయటి నుంచి రావాలి. పేగు ఆపరేషన్‌లో అవి రోగి కడుపులోనే ఉన్నాయి. పెద్దపేగులోని ఒక గ్రాము మలంలో దాదాపు 10,000 కోట్ల బాక్టీరియా ఉంటాయి. ఆ పేగును కోసి, రెండు చివరలనూ కలిపి కుట్టేటప్పుడు ఒక్కటి కూడా పొట్ట మీది కోతలోకి చేరకుండా ఆపగల సర్జన్ లేరు.

చేరేవాటిని తగ్గించవచ్చు. మన దేశంతో సహా 7 దేశాల్లో 13,301 మంది మీద జరిగిన ఒక పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి. పొట్టను మూసి కుట్టే ముందు చేతి తొడుగులనూ పరికరాలనూ మార్చారు, అంతే. గాయం ఇన్ఫెక్షన్లు 18.9 శాతం నుంచి 16 శాతానికి దిగాయి. మంచి ఫలితమే, కానీ ఆ 16 శాతం మాటేమిటి?

అక్కడే ఆక్సిజన్ సంగతి వస్తుంది. నాకు ఎంత చదివినా తనివి తీరని విషయం ఇది. 1970లలో అమెరికాలో శాస్త్రవేత్తలు పేగులోని పదార్థాన్ని జెలటిన్ గొట్టాల్లో నింపి ఎలుకల పొట్టలో పెట్టారు. మొదటి రోజుల్లోనే కొన్ని చనిపోయాయి. వాటి రక్తంలో ఇ. కోలై అనే పేగు బాక్టీరియా ఉంది. బతికిన వాటి పొట్టలో వారానికల్లా చీముగడ్డలు కట్టాయి. వాటిలో బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ అనే మరో పేగు బాక్టీరియా పేరుకుని ఉంది. ఇ. కోలైని చంపే మందు ఇస్తే చావులు తగ్గాయి, గడ్డలు మిగిలాయి. రెండో దాన్ని చంపే మందు ఇస్తే గడ్డలు తగ్గాయి, చావులు మిగిలాయి. ఇ. కోలై ఆక్సిజన్ ఉన్నంతసేపూ దాన్ని వాడేస్తుంది. ఆక్సిజన్ గిట్టని బాక్టీరాయిడ్స్‌కు అలా చోటు సిద్ధమవుతుంది.

అదే ఆక్సిజన్ మన తెల్లరక్తకణాలకు ఆయుధం. న్యూట్రోఫిల్ అనే కణం బాక్టీరియాను మింగాక, ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్‌ను సూపర్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంకా ఘాటైన విషాలు పుడతాయి. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ పనిచేయని పిల్లలను ఇన్ఫెక్షన్లు ఒకదాని వెంట ఒకటి పీడిస్తాయి. శరీరంలోని చాలా ఎంజైములకు అతి కొద్ది ఆక్సిజన్ చాలు. దీనికి చాలదు. ఇది సగం వేగం అందుకోవడానికే 40 నుంచి 80 మిల్లీమీటర్ల పాదరస పీడనంలో ఆక్సిజన్ కావాలి. కొలిమిలో బొగ్గు ఎంత ఉన్నా తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు. కోత దగ్గర గుమిగూడిన న్యూట్రోఫిల్స్ పరిస్థితీ అంతే. పైగా చర్మం కింది కొవ్వు పొరకు రక్తసరఫరా మామూలుగానే తక్కువ.

చలి దాన్ని ఇంకా తగ్గిస్తుంది. మత్తు ఇచ్చిన మొదటి గంటలోనే ఒంటి లోపలి వేడి చేతులకూ కాళ్లకూ పారి, శరీరం ఒక డిగ్రీకి పైగా చల్లబడుతుంది. మత్తు దిగేటప్పుడు మెదడు ఆ చలిని గుర్తించి చర్మం రక్తనాళాలను బిగిస్తుంది. కోతలో చేరిన బాక్టీరియా వేళ్లూనుకునే గంటలు సరిగ్గా అవే. 1961లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పిగ్‌ల మీద చూపించాడు: బాక్టీరియా చేరిన 3 గంటల తర్వాత యాంటీబయాటిక్ ఇచ్చినా ఇవ్వనట్టే. కోతకు ముందే ఆ ఇంజెక్షన్ చేయడానికి కారణం ఇదే.

1996లో కుర్జ్, సెస్లర్, లెన్‌హార్ట్ అనే పరిశోధకులు పెద్దపేగు ఆపరేషన్ చేయించుకుంటున్న 200 మందిని రెండు జట్లు చేశారు. వెచ్చగా, 36.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచినవారిలో 6 శాతానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. 34.7కు చల్లబడినవారిలో 19 శాతానికి. ఇప్పుడు రోగి మీద వేడిగాలి దుప్పటి కప్పుతున్నారు. అయితే అదే సెస్లర్ బృందం 2022లో 5,000 మందికి పైగా రోగుల్లో 35.5నూ 37నూ పోల్చితే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే 34 దాకా జారనివ్వకూడదు. 37 కోసం పట్టుబట్టనక్కర్లేదు.

మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది: పప్పు తింటే కుట్లు చీము పడతాయని. దీన్ని గట్టిగా ఖండించాలి. చీము అంటే చచ్చిన తెల్లరక్తకణాలు, బాక్టీరియా. పప్పు అందులోకి చేరదు. గాయాన్ని అతికించే కొలాజెన్ ప్రొటీనే, పప్పులో దొరికేదీ ప్రొటీనే. దాని పోగులు గట్టిపడటానికి విటమిన్ సి, మళ్లీ ఆక్సిజన్ కావాలి. పేగు ఆపరేషన్ తర్వాత పీచు తక్కువగా తినమని డాక్టర్ చెబితే ఆ కొద్ది రోజులూ గుడ్డో పెరుగో పెట్టండి. ఆ తర్వాత డాక్టర్‌ను అడిగి, పప్పు మెత్తగా ఉడికించి పెట్టండి.