ఆకులో మందెంత: ఔషధ మొక్కల నాణ్యతా పరీక్షల నేపథ్యం

నేల, వాన, కోత కాలం, ఆరబెట్టిన తీరు, నిల్వ ఉన్న రోజులు మారితే ఒకే జాతి మొక్కలోనూ మందుగా పనిచేసే పదార్థం పాళ్లు మారిపోతాయి. గుండెపై పనిచేసే ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకులతో చేసే వైద్యంపై 1785లో పుస్తకం ప్రచురించిన ఆంగ్ల వైద్యుడు విలియం విదరింగ్ ఈ చిక్కును గుర్తించి, మొక్క పూతకు వచ్చే వేళలోనే ఆకు కోయాలని చెప్పాడు. ఆ ఆకు విషయంలో మేలుచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ కాబట్టి ఆ జాగ్రత్త అత్యవసరమైంది.

కొలవాలంటే ముందు దేన్ని కొలవాలో తెలియాలి. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో జర్మన్ ఫార్మసిస్టు జెర్ట్యూర్నర్ నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేశాడు. 1820లో ఫ్రాన్స్‌లో పెల్తియే, కావెంతూ సింకోనా చెట్టు బెరడు నుంచి మలేరియా మందు క్వినైన్‌ను రాబట్టారు. ఆ తర్వాత బెరడు విలువను కట్టింది దాని రంగు, చేదు కాదు, అందులోని క్వినైన్ శాతమే. చూపుకు ఒకేలా కనిపించే సింకోనా చెట్లలో క్వినైన్ ఎంతో తేడాగా ఉంటుందని రసాయన పరీక్షే బయటపెట్టింది. జావాలోని డచ్ తోటలు అధిక క్వినైన్ ఇచ్చే చెట్లను ఎంచి పెంచగలిగాయంటే అందుకు ఆధారం ఈ కొలతే.

ఫాక్స్‌గ్లోవ్ మాత్రం అంత సులువుగా లొంగలేదు. అందులో మందుగా పనిచేసే గ్లైకోసైడ్లు (చక్కెర అణువు అతుక్కున్న రసాయనాలు) అనేకం, పరస్పరం దగ్గరి పోలికలున్నవి కూడా. అందుకే 20వ శతాబ్దంలోనూ చాలాకాలం దాని బలాన్ని కప్పలు, పిల్లులు, పావురాల వంటి జీవులపై ప్రయోగించి, గుండె ఆగేందుకు ఎంత మందు పట్టిందో చూసి నిర్ణయించేవారు. మూగజీవాల ప్రాణాలతో సాగిన ఆ పరీక్షల ఫలితాలు సైతం జంతువును బట్టి మారేవి.

ఈ ఇబ్బందికి దారి చూపింది, మిశ్రమంలోని పదార్థాలను విడదీసే క్రొమటోగ్రఫీ. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ ఆకుల వర్ణకాలను సుద్ద పొడి నింపిన గొట్టంలో పట్టీలుగా విడదీసి, 1906లో ఆ పద్ధతికి ఈ పేరు పెట్టాడు. 1950లలో పలుచటి పొరపై చేసే పద్ధతిని ఎగోన్ స్టాల్ ప్రామాణికం చేశాక మొక్క గుర్తింపు పరీక్షకు అది ముఖ్య సాధనమైంది. 1970ల నుంచి అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ ఒక్కో రసాయనాన్నీ విడిగా కొలిచే వీలిచ్చింది.

అయితే మార్ఫిన్, క్వినైన్ నేర్పిన, ఒక్క రసాయనాన్నే కొలిచే అలవాటు అన్ని మొక్కలకూ సరిపోలేదని నా అభిప్రాయం. కుంగుబాటుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ మొక్క సారాన్ని ఏళ్లతరబడి అందులోని హైపెరిసిన్ అనే రసాయనం 0.3 శాతం ఉండాలన్న లెక్కన ప్రామాణికం చేశాక, దాని ప్రభావంలో హైపర్‌ఫోరిన్ అనే మరో రసాయనానికీ ముఖ్యపాత్ర ఉండవచ్చని పరిశోధనలు సూచించాయి. జింకో ఆకు సారంలో ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లను కొలవడానికి ముందుగా ఆమ్లంతో విడగొట్టి, వచ్చిన క్వెర్సెటిన్ వంటి వాటిని లెక్కిస్తారు. ఇతర మొక్కల నుంచి చౌకగా దొరికే రూటిన్ అనే గ్లైకోసైడ్ కలిపినా అదే క్వెర్సెటిన్ వస్తుంది కనుక కల్తీ సరుకు పరీక్షలో నెగ్గింది. కొలిచేది ఏదో తెలిసిపోతే కల్తీదారు సరిగ్గా దాన్నే కలుపుతాడు.

1990ల తొలినాళ్లలో బెల్జియంలో ఇంకా ఘోరం జరిగింది. బరువు తగ్గించే మందులో స్టెఫానియా అనే మొక్క వేరు బదులు, చైనా భాషలో దాదాపు అదే పేరున్న అరిస్టోలోకియా వేరు చేరి, వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. స్టెఫానియాలో ఉండాల్సిన టెట్రాండ్రిన్ అనే రసాయనం ఉందా, ఉండకూడని అరిస్టోలోకియా విషం అరిస్టోలోకిక్ ఆమ్లం లేకుండా ఉందా అన్న రెండు ప్రశ్నలూ ముందే వేసి ఉంటే ఆ సరుకు రోగుల దాకా వచ్చేది కాదు.

అందువల్ల ఇప్పుడు ఒక్క అంకెతో సరిపెట్టకుండా, సారంలోని రసాయనాల మొత్తం వరుసను వేలిముద్రలా పోల్చి చూడడం, విషపదార్థాలకు హద్దు పెట్టడం కూడా పరీక్షలో భాగమయ్యాయి. యూరప్ నిబంధనలు కొలిచే రసాయనాలనే వేర్వేరు తరగతులు చేశాయి: సునాముఖి ఆకులో విరేచనకారిగా పనిచేసే సెన్నోసైడ్ల శాతం మందు బలాన్నే చెబుతుంది, వలేరియన్ వేరులోని వలెరెనిక్ ఆమ్లం శాతం ప్రధానంగా ఆ వేరు నాణ్యతకు గుర్తే తప్ప, నిద్ర పట్టించే శక్తికి కొలమానం కాదు.