మధ్యలో ఆ పచ్చ బోర్డు ఎందుకంటే

గాజువాక, విశాఖపట్నం

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆటోనగర్‌లో మన షెడ్డుకి వచ్చినప్పుడు, మిషన్‌ని నడిపే బుల్లి కంప్యూటరుకీ మోటార్లకీ మధ్యనున్న పచ్చ బోర్డు చూసి అమ్మలు ఒక ప్రశ్న అడిగింది. "ఈ బుల్లి కంప్యూటరుకే నలభై పిన్నులున్నాయి కదా తాతయ్యా, వైర్లు అక్కడే పెట్టేయొచ్చుగా! మధ్యలో ఈ పచ్చ బోర్డు దేనికి?" అని. అప్పుడు మిల్లింగ్ మిషన్ మీద ఒక షాఫ్టుకి కీవే, అంటే పొడుగాటి గాడి, కోస్తున్నాను, కళ్లు తిప్పడానికి లేదు. తర్వాత చెప్తానన్నాను. అంత మంచి ప్రశ్నకి జవాబు బాకీ పెట్టడం నాకిష్టం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు పిన్నుల సంగతి. ఆ బుల్లి కంప్యూటరు పేరు రాస్ప్‌బెర్రీ పై. దాని పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు, కొద్ది మిల్లీ ఆంపియర్ల కరెంటు. చిన్న ఎల్‌ఈడీ వెలిగించడానికి సరిపోతుంది. మోటారు తిప్పేది దాని డ్రైవరు, అంటే మోటారుకి కావలసిన కరెంటు పంపే పెట్టె. ఆ డ్రైవరుకి సైగ అందాలంటే మామూలుగా 5 వోల్టులు కావాలి. మిషన్ చివర్లలో ఉండే సెన్సార్లయితే ఎక్కువగా 24 వోల్టులవి. అంటే ఒకే మిషన్‌లో మూడు నాలుగు రకాల వోల్టేజీలు పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి.

ఈ పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో 24 వోల్టుల సెన్సార్ వైరు తిన్నగా పిన్నుకి పెట్టేశాను. పొగ రాలేదు, చప్పుడూ లేదు. స్క్రీన్ నల్లబడింది, అంతే. మళ్లీ వెలగలేదు. ఆ పిన్ను 5 వోల్టులే తట్టుకోలేదు, 24 ఎక్కడ తట్టుకుంటుంది! ఆ రోజు నాకు చాలా బాధేసింది. డబ్బు సంగతి అలా ఉంచండి, వారం రోజులు కూర్చుని చేసుకున్న సెట్టింగులన్నీ చూస్తుండగానే పోయాయి.

బోర్డు మీద వరసగా నాలుగేసి కాళ్లున్న నల్ల చిప్పులు చూశారు కదా, వాటిని ఆప్టోలు అంటాం. ఒక్కోదాని లోపల ఒక పక్క కంటికి కనపడని వెలుగునిచ్చే ఎల్‌ఈడీ, ఎదురుగా ఆ వెలుగు పడితే కరెంటు వదిలే ట్రాన్సిస్టర్ ఉంటాయి. రెంటికీ మధ్య వైరు లేదు. సైగ వెలుగుగా మారి అటు దాటుతుంది, కరెంటు మాత్రం దాటదు. ఇంకా నాకు అద్భుతంగానే ఉంటుంది ఈ ఏర్పాటు! కానీ రెండు పక్కలకీ వేర్వేరు పవర్ సప్లైలు ఉండాలి. వైర్లు కలిసొస్తాయని రెండు మైనస్‌లూ ఒకచోట ముడేస్తే, మధ్యలో కట్టిన గోడ ఉన్నా లేనట్టే. ఈ తప్పు చాలామంది చేస్తారు.

ఇక అసలు విషయం, టైమింగ్. చిన్నోడా, నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా, కాగితం తీసుకో. స్టెప్పర్ మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. మనం డ్రైవరులో ఒక్కో అడుగునీ 8 ముక్కలు చేశాం. ఒక్కో ముక్కకీ ఒక పల్సు, అంటే క్షణకాలపు కరెంటు సైగ, పంపాలి. అంటే చుట్టుకి 1600 పల్సులు. మన స్క్రూ ఒక చుట్టు తిరిగితే, ముక్కని బిగించే బల్ల 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. మిల్లీమీటరుకి 320 పల్సులన్నమాట. నిమిషానికి 3 మీటర్ల వేగంతో, అంటే సెకనుకి 50 మిల్లీమీటర్లు, బల్ల జరగాలంటే సెకనుకి 16,000 పల్సులు కావాలి. ఒక్కో పల్సుకీ మధ్య 62.5 మైక్రోసెకన్లే! సెకనులో పదిలక్షో వంతు ఒక మైక్రోసెకను.

ఈ పల్సులు కంప్యూటరే కొట్టాలనుకుంటే, అదే సమయంలో అది స్క్రీన్ మీద బొమ్మ గీయాలి, మౌస్ చూసుకోవాలి, కార్డు మీద ఫైలు రాయాలి. అందులో ఎక్కడైనా 100 మైక్రోసెకన్లు ఆలస్యమైతే మనకి తెలియదు, మోటారుకి తెలుస్తుంది. వేగంగా పోతున్నప్పుడు లయ తప్పితే అది కుయ్యిమని ఆగిపోతుంది. అక్కడి నుంచి కోతంతా పక్కకి పోతుంది, ముక్క స్క్రాపే. చిన్న చెక్కుడు మిషన్‌కి, నెమ్మది వేగాలకి నేరుగా కంప్యూటరుతోనే పల్సులు ఇప్పించొచ్చు. ఇనుము కోసే మిషన్‌కి మాత్రం నేనొప్పుకోను.

అందుకే పల్సులు కొట్టే పని వేరేవాళ్లకి అప్పజెబుతాం. 2013లో వచ్చిన బీగల్‌బోన్ బ్లాక్ అనే ఇంకో బుల్లి కంప్యూటరులో ఇందుకు పనికొచ్చే రెండు చిన్న ప్రాసెసర్లు అసలు చిప్పులోనే ఉన్నాయి. సెకనుకి 20 కోట్ల టిక్కులతో నడుస్తాయి, మరే పనీ పెట్టుకోవు. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లు ఎఫ్‌పీజీఏ, అంటే మన పనికి తగ్గట్టు లోపలి సర్క్యూటు మార్చుకోగల చిప్పు, ఉన్న బోర్డు పెట్టుకుంటారు, మన షెడ్డులో ఉన్నది అదే. కంప్యూటరు సెకనుకి వెయ్యిసార్లు "ఈ వేగంతో పో" అని లాన్ కేబుల్ మీద చెప్తుంది. పల్సుల లెక్కంతా బోర్డే చూసుకుంటుంది. పెళ్లి మేళంలో తాళం వేసే మనిషిని చూశారుగా, పక్కన ఎంత సందడి ఉన్నా ఆయన చెయ్యి తప్పదు. అలాగన్నమాట.

ఇదంతా నడిపే లినక్స్‌సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌కి మనం ఒక్క రూపాయి కట్టలేదు. 1990లలో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ మొదలుపెట్టిన పని అది. అందరికీ వదిలేశారు కాబట్టే ఈరోజు ఆటోనగర్‌లో చిన్న షెడ్డులో కూడా ఉంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. పుట్టగొడుగులాంటి ఎర్ర బటన్ ఉంది కదా, అది నొక్కితే కంప్యూటరుకి కబురు వెళ్లడమే కాదు, కాంటాక్టర్ అనే పెద్ద కరెంటు స్విచ్ పడిపోయి డ్రైవర్లకి పవరే తెగిపోతుంది. కంప్యూటరు హ్యాంగయినా సరే, బటన్ పనిచేయాలి. బల్ల చివరిదాకా పోయి గుద్దుకోకుండా ఆపే లిమిట్ స్విచ్‌లు కూడా మామూలుగా కలిసే ఉండి, బల్ల తగిలితే విడిపోయే రకమే పెట్టాను. ఎలక వైరు కొరికినా, మన సముద్రపు గాలికి కనెక్టరు పచ్చగా చిలుం పట్టి వదిలేసినా, మిషన్ అది ప్రమాదమనే అనుకుని ఆగుతుంది. తిరగేసి పెట్టుంటే ఆ తెగిన వైరు సంగతి బల్ల పోయి చివర గుద్దుకున్నాకే తెలిసేది.

బోర్డుకి ఇంకో గుణం ఉంది. కంప్యూటరు నుంచి కొద్దిసేపు మాట రాకపోతే తనంతట తానే పల్సులు ఆపేస్తుంది. దీన్ని వాచ్‌డాగ్ అంటారు, కాపలా కుక్క. కొత్త బోర్డు కొన్నప్పుడు నేను మొదట అడిగేది ఇది ఉందా అనే. ధర ఆ తర్వాత.

దసరా సెలవులకి రండి. టూల్ తీసేసి, బల్లని ఖాళీగా నడిపిస్తాను. అమ్మలు లాన్ కేబుల్ పీకుతుంది, చిన్నోడు లిమిట్ స్విచ్ వైరు ఊడదీస్తాడు, బల్ల ఎలా ఆగుతుందో మీ కళ్లతోనే చూద్దురుగాని. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రండి. అమ్మలూ, చున్నీ మామ్మ దగ్గర వదిలిపెట్టి, జడ ముడేసుకునే షెడ్డులోకి రావాలి.

మీ తాతయ్య